లోకోపాధ్యాయుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు

విద్య నేర్పేవానికి తన చదువు ముగిసిందనుకొనే దినం రాదు. నిన్న నేర్చినదానితోనే నేటి తరగతిని నడపబూనిన ఉపాధ్యాయుడు అనతికాలంలోనే వెనుకబడిపోతాడు. బోధనలో తర్ఫీదు, అవసరమైనప్పుడు చేతికందే మంచి పుస్తకం, తోటి ఉపాధ్యాయులతో నిరంతర చర్చ - ఈ మూడూ ఉపాధ్యాయ వృత్తికి ప్రాణాధారాలు. వీటిని సమకూర్చడం ప్రభుత్వాల బాధ్యత అని నేడు అందరూ అంగీకరిస్తారు. కాని ప్రభుత్వం పరాయిదై, పుస్తకం అరుదై, చదువు కొద్దిమందికే పరిమితమైన కాలంలో ఆ బాధ్యతను ప్రజలే తలకెత్తుకోవలసి వచ్చింది. అట్లా తలకెత్తుకొన్న మహనీయులలో అగ్రగణ్యులు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఉపాధ్యాయుడు కావాలని శిక్షణ కళాశాలలో చేరి, పట్టా చేతికి రాకముందే వెలివేయబడిన ఆయన, ఆంధ్రదేశాన్నే పాఠశాలగా చేసుకొన్నారు. ఆ పాఠశాలకు కావలసిన బోధకులను, పుస్తకాలను సమకూర్చే కృషిలో జీవితాన్ని ధారవోశారు.

హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించారు. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. కుటుంబం పేదది. కర్నూలు, గుత్తి, నంద్యాల పట్టణాలలో చదువు సాగించి, పై చదువులకు మద్రాసు చేరారు. పేదరికం అడుగడుగునా అడ్డుతగిలినా వెనుదీయక 1906లో ఎం.ఏ. పట్టభద్రులయ్యారు. ఆనాడు తెలుగునాట ఎం.ఏ. చదివినవారు బహు కొద్దిమంది. అంతటి చదువు చదివిన యువకునికి రెవెన్యూశాఖలోనో, న్యాయశాఖలోనో మంచి జీతంతో కూడిన ఉద్యోగం దొరకడం కష్టం కాదు. అయినప్పటికీ ఆయన మనసు ఉపాధ్యాయ వృత్తిపై లగ్నమైంది. ఎల్.టి. అని పిలువబడే ఉపాధ్యాయ శిక్షణ పట్టా కోసం ఆయన రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ శిక్షణ కళాశాలలో విద్యార్థిగా చేరారు.

ఆనాటి పాఠశాలల స్థితిగతులను గమనిస్తే ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది. పల్లెలలో వీధి అరుగులపై సాగే బడులే అధికం. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు వల్లె వేయించడం, శతక పద్యాలు కంఠస్థం చేయించడం అక్కడి బోధన. ఆ పంతుళ్లలో సమర్థులు లేకపోలేదు. కాని వారికి బోధనా పద్ధతులు నేర్పినవారు లేరు. చరిత్ర, భూగోళం, ప్రకృతి శాస్త్రాలు బోధించాలంటే తెలుగులో తగిన పుస్తకాలు లేవు. పట్టణాలలోని ఉన్నత పాఠశాలల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉన్నా, అక్కడి చదువు ఆంగ్లంలో సాగేది. అందువల్ల ఆధునిక విజ్ఞానం తెలుగువానికి తన భాషలో అందే మార్గం కనిపించేది కాదు.

ఈ కొరతను తీర్చే ఉద్దేశంతో 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు దానికి సారథి. రావిచెట్టు రంగారావు, బెజవాడకు చెందిన అయ్యదేవర కాళేశ్వరరావు వంటి దేశభక్తులతో పాటు హరిసర్వోత్తమరావు కూడా ఆ సంస్థ కార్యంలో పాలుపంచుకొన్నారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, మహాపురుషుల జీవితాలు సులభమైన తెలుగులో, తక్కువ వెలకు అందించడం మండలి ఆశయం. దాని తొలి ప్రచురణగా వెలువడిన అబ్రహాం లింకను చరిత్రను రచించినది హరిసర్వోత్తమరావే. కట్టెలు కొట్టుకొని బ్రతికే ఇంట పుట్టి, ఎరువు తెచ్చుకొన్న పుస్తకాలతో చదువుకొని, అమెరికా దేశాధ్యక్షుడై, బానిసత్వాన్ని రూపుమాపిన లింకను కథ పరాధీనంలో మగ్గుతున్న తెలుగువారికి తొలి పాఠం కావడం ఎంతో సముచితం. ఇట్లా, తరగతి గదిలో అడుగుపెట్టకముందే ఆయన పాఠకులకు ఉపాధ్యాయులయ్యారు.

1907వ సంవత్సరం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. బెంగాల్ విభజనకు నిరసనగా పుట్టిన వందేమాతరం ఉద్యమం అప్పటికి దేశమంతటా వ్యాపిస్తున్నది. ఆ ఏడు ఏప్రిల్ నెలలో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటనకు వచ్చారు. ఆ పర్యటనలో బందరుకు చెందిన ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట ఉన్నారు. రాజమహేంద్రవరంలో పాల్ చేసిన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం అప్పటికప్పుడు తెలుగులోకి అనువదించి వినిపించారు. ఆ మాటలు విద్యార్థుల హృదయాలలో అగ్నిని రగిల్చాయి. వారు వందేమాతరం పతకాలను ధరించి తరగతులకు హాజరయ్యారు. కళాశాల ప్రధానాధికారి మార్క్ హంటర్ దానిని క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించి కఠిన చర్యలకు పూనుకొన్నాడు. విద్యార్థులకు నాయకత్వం వహించిన హరిసర్వోత్తమరావును కళాశాల నుండి బహిష్కరించారు. ప్రభుత్వోద్యోగానికి ఆయన అనర్హుడని నిర్ణయించారు.

ఆ శిక్ష పైకి కనిపించినంత చిన్నది కాదు. ఇరువది నాలుగేళ్లు నిండని వయస్సు, పేద కుటుంబం, ఎంతో శ్రమపడి సంపాదించిన ఎం.ఏ. పట్టా - వీటన్నిటికీ ఫలం దక్కవలసిన తరుణంలో తాను కోరుకొన్న వృత్తికి ద్వారం మూసుకుపోయింది. ఎల్.టి. పట్టా లేదు. ప్రభుత్వ పాఠశాలలో పాఠం చెప్పే అర్హత లేదు. పాఠశాలలెన్నో ప్రభుత్వ గ్రాంటుపై ఆధారపడే ఆ రోజులలో ఇటువంటి వ్యక్తిని పనిలో పెట్టుకోవడానికి ఇతర యాజమాన్యాలు సైతం జంకడం సహజం. ఉద్యోగ జీవితం ఆరంభం కాకముందే ముగిసింది. అయినా ఆయన కుంగిపోలేదు. తనకు తగిలిన దెబ్బలో ఒక సత్యాన్ని దర్శించారు. ఉపాధ్యాయుని తయారుచేసే అధికారం పరాయి ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ఆ ఉపాధ్యాయుడు స్వేచ్ఛగా ఆలోచించలేడు. స్వేచ్ఛగా ఆలోచించలేనివాడు శిష్యులకు ఆలోచన నేర్పలేడు. ఇదే సత్యం ఆనాడు అనేకులను జాతీయ విద్యవైపు నడిపింది. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యలు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆ భావానికి రూపకల్పనే.

హరిసర్వోత్తమరావు తన కార్యక్షేత్రంగా బెజవాడను ఎన్నుకొన్నారు. నేటి విజయవాడయే నాటి బెజవాడ. కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా భూములు సస్యశ్యామలమయ్యాయి. కాలువలలో పడవల రాకపోకలు పెరిగాయి. రైలు మార్గాలు వచ్చి కలియడంతో బెజవాడ నలుదిక్కులకూ కూడలి అయింది. ఇక్కడ అచ్చయిన పత్రిక కొద్ది రోజులలోనే మారుమూల గ్రామాలకు చేరగలిగేది. 1908లో ఆయన బోడి నారాయణరావు సహకారంతో ఇక్కడి నుండి స్వరాజ్ అనే వారపత్రికను వెలువరించారు. తరగతి గది లేని ఉపాధ్యాయునికి పత్రికయే నల్లబల్ల అయింది.

ఆ సంవత్సరమే తిరునల్వేలిలో వి.ఓ. చిదంబరం పిళ్లై నిర్బంధానికి నిరసన తెలిపిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ దురంతాన్ని ఖండిస్తూ స్వరాజ్ పత్రిక తీవ్రమైన సంపాదక వ్యాసం ప్రకటించింది. ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. హరిసర్వోత్తమరావుకు మూడేండ్ల కఠిన కారాగార శిక్ష పడింది. రాజకీయ కారణాలతో చెరసాలకు వెళ్లిన తొలి ఆంధ్రుడుగా ఆయన చరిత్రకెక్కారు. రాజకీయ ఖైదీలకు ప్రత్యేక సదుపాయాలేవీ లేని కాలమది. వేలూరు కారాగారంలో దోపిడీ దొంగల నడుమ, వారు తినే తిండే తింటూ, వారు ధరించే దుస్తులే ధరిస్తూ ఆయన శిక్షాకాలం గడిపారు. మహారాష్ట్రకు చెందిన బాలగంగాధర తిలక్ అనుభవించిన కష్టాలతో పోల్చి ప్రజలు ఆయనను ఆంధ్ర తిలక్ అని గౌరవించారు.

విడుదలై వచ్చిన ఆయనకు వెంటనే స్వాగతం లభించలేదు. రాజద్రోహిగా ముద్రపడిన మనిషికి ఆశ్రయమిస్తే పోలీసుల కన్ను తమపై పడుతుందని పరిచితులు సైతం భయపడ్డారు. ఆ కష్టకాలంలో కొమర్రాజు లక్ష్మణరావు వంటివారి సాహచర్యం ఆయనకు అండగా నిలిచింది. మద్రాసులో స్థిరపడి రచనను, పత్రికా నిర్వహణను జీవికగా చేసుకొన్నారు. ఆంధ్రపత్రిక సంపాదకవర్గంలో పనిచేశారు. పత్రిక అభిప్రాయాన్ని తెలిపే వ్యాసానికి సంపాదకీయం అనే పేరు ఆయన పెట్టినదేనని ప్రసిద్ధి. స్త్రీల అభ్యుదయం కోసం ఆయన సతీమణి రమాబాయి సంపాదకురాలిగా సౌందర్యవల్లి అనే పత్రిక వెలువడింది. అనిబిసెంటు ప్రారంభించిన హోంరూల్ ఉద్యమంలో పాల్గొని ఆంధ్ర జిల్లాలలో విస్తృతంగా పర్యటించారు. మద్రాసు శాసనమండలి సభ్యులుగానూ సేవలందించారు. ఇన్ని పనుల నడుమ ఆయన మనసు ఎప్పుడూ తొలి ప్రేమ అయిన బోధన వైపే మరలేది.

ఆ ప్రేమకు తగిన మార్గం గ్రంథాలయోద్యమంలో లభించింది. ఆ ఉద్యమానికి పుట్టినిల్లు బెజవాడ. బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలతోనే ఉత్తేజితులైన అయ్యంకి వెంకటరమణయ్య 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభను సమావేశపరిచారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించిన ఆ సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అవతరించింది. పుస్తకాలు పోగుచేసి బీరువాలో పెట్టి తాళం వేస్తే అది గ్రంథాలయం కాదని, పుస్తకాన్ని పాఠకునితో కలిపే మనిషి ఉండాలని ఆ సంఘం ఆరంభంలోనే గుర్తించింది. 1920లో బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ తరగతులు నిర్వహించింది. ప్రభుత్వ సహాయం లేకుండానే, ఒక ప్రజాసంఘం వృత్తి శిక్షణకు సాహసించడం దేశంలోనే అరుదైన విషయం. తన శిక్షణ మధ్యలో తెగిపోయిన హరిసర్వోత్తమరావు ఈ సంఘానికి అనేక సంవత్సరాలు అధ్యక్షులై దానిని నడిపించారు.

పల్లెటూళ్లలో ఈ గ్రంథాలయాల బాధ్యతను చాలాచోట్ల వహించినవారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులే. పగలు బడి పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంకాలం దీపం వెలిగించి గ్రంథాలయం తెరిచేవారు. చదవనేర్చినవారికి పుస్తకాలు ఇచ్చేవారు. చదువురానివారిని కూర్చోబెట్టి వార్తాపత్రిక చదివి వినిపించేవారు. వీలైనచోట రాత్రి బడి నడిపేవారు. ఈ పని పల్లెకు ఎంత ఉపకరించిందో ఉపాధ్యాయునికీ అంత ఉపకరించింది. చాలీచాలని జీతంతో సొంతంగా పుస్తకం కొనలేని పంతులుకు ఊరి గ్రంథాలయమే ఆధారం. మరునాడు చెప్పవలసిన చరిత్ర పాఠానికి, పిల్లలకు వినిపించవలసిన కథకు అక్కడే సామగ్రి దొరికేది. గ్రంథాలయ సంఘం మహాసభలలో, గ్రంథాలయ యాత్రలలో వేరువేరు ఊళ్ల కార్యకర్తలు కలుసుకొని తమ అనుభవాలను పంచుకొనేవారు. ఏకాకిగా పనిచేసే పల్లెటూరి ఉపాధ్యాయునికి వృత్తిబంధువులు లభించేవారు. పుస్తకం, శిక్షణ, సాహచర్యం - ఉపాధ్యాయ వృత్తికి కావలసిన మూడూ ఒకే నీడన చేరాయి.

ఈ ఉద్యమం కృష్ణా డెల్టాలో ఎంత దూరం వెళ్లిందో తెలుపడానికి ఒక ఉదాహరణ చాలు. బెజవాడకు దక్షిణాన, కృష్ణకు ఆవలి గట్టున ఉన్న కాలువ ప్రాంతాలలో ఊరూరా గ్రంథాలయం స్థాపించడానికి వనరులు చాలవు. బండి బాటలు వర్షాకాలంలో బురదమయం. కాలువలు మాత్రం ఊళ్లను ఒరుసుకొని పారుతుంటాయి. దీనిని గమనించిన పాతూరి నాగభూషణం 1935లో పడవపై గ్రంథాలయాన్ని నెలకొల్పారు. పెదపాలెంలోని సర్వోత్తమ గ్రంథాలయం ఆధ్వర్యంలో నడిచిన ఆ పడవ పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామాల మధ్య కాలువ వెంట పుస్తకాలను మోసుకొని సాగేది. రేవులో పడవ ఆగితే ఊరివారు పాత పుస్తకాలు ఇచ్చి కొత్తవి తీసుకొనేవారు. పొలాలకు నీరు మోసిన కాలువే మనసులకు విద్యను మోసింది.

పుస్తకం ఇంటి ముంగిటికి వచ్చినా దానిని చదవలేనివారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్న హరిసర్వోత్తమరావును వయోజన విద్యోద్యమానికి నడిపించింది. 1951 జనాభా లెక్కల నాటికి సైతం మనదేశంలో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది మాత్రమే. తక్కినవారందరూ పిల్లలు కారు. బడి వయసు దాటిపోయిన రైతులు, కూలీలు, చేతిపనివారు, గృహిణులు వారిలో అధికులు. వారికి చదువు చెప్పడం పిల్లలకు చెప్పడం వంటిది కాదు. నాగలి పట్టి అలసిన చేతికి బలపం అందించి, పసిపిల్లల వాచకంలోని బొమ్మలు చూపిస్తే పెద్దవాడు చిన్నబుచ్చుకొంటాడు. అతని లోకానుభవం ఉపాధ్యాయుని అనుభవానికి తీసిపోదు. అతనికి తెలియనిది అక్షరం మాత్రమే. కనుక అతని కోసం వేరే వాచకం కావాలి. అందులో పంట, అప్పు, ఆరోగ్యం, పంచాయతి, దేశం వంటి విషయాలు ఉండాలి. అతనికి బోధించే ఉపాధ్యాయునికి వేరే శిక్షణ కావాలి. ఆ శిక్షణలో మొదటి పాఠం విద్యార్థి పట్ల గౌరవం.

ఈ భావాలను దక్షిణ దేశంలో ప్రచారం చేయడానికి హరిసర్వోత్తమరావు తన ఉత్తర జీవితాన్ని అంకితం చేశారు. వయోజన విద్యా సంఘాలలో ప్రముఖ పాత్ర వహించారు. కొత్తగా చదువు నేర్చినవారికి తగిన చిన్న పుస్తకాల ప్రచురణను ప్రోత్సహించారు. అక్షరాలు నేర్చిన మనిషికి చదువుకొనేందుకు ఏమీ దొరకకపోతే నేర్చినది కొద్ది కాలంలోనే మరపున పడుతుంది. అందువల్ల రాత్రి బడికి పక్కనే గ్రంథాలయం ఉండాలని, రెండింటినీ వేరుచేయరాదని ఆయన ఆచరణ చాటింది. ఎం.ఏ. పట్టభద్రుడు, పత్రికా సంపాదకుడు, శాసనమండలి సభ్యుడు అయిన ఆయన పల్లెలకు వెళ్లి అక్షరం రానివారి నడుమ కూర్చోవడంలో ఏనాడూ చిన్నతనం ఎంచలేదు.

ప్రజల చందాలతో నడిచే గ్రంథాలయం దాత ఉన్నన్నాళ్లే బ్రతుకుతుంది. దానికి శాశ్వతమైన ఆదాయం, శిక్షణ పొందిన ఉద్యోగి ఉండాలంటే చట్టం కావాలని గ్రంథాలయోద్యమ నాయకులు దీర్ఘకాలం కోరుతూ వచ్చారు. ఆచార్య ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఫలితంగా 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయ చట్టం రూపొందింది. స్వతంత్ర భారతదేశంలో అదే మొదటి గ్రంథాలయ చట్టం. ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే కొద్దిపాటి సుంకం గ్రంథాలయాలకు చేరే ఏర్పాటు దానివల్ల కలిగింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు ఏకమైన పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయ చట్టం రూపొందింది. ఆ సంవత్సరమే, ఫిబ్రవరి 29వ తేదీన హరిసర్వోత్తమరావు కన్నుమూశారు.

ఆయన కోరిన మార్పులలో కొన్ని ఆయన తరువాత కాలంలో రూపుదాల్చాయి. 1986 నాటి జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయ శిక్షణ ఒకసారితో ముగిసేది కాదని, ఉద్యోగకాలమంతా కొనసాగవలసినదని ప్రకటించింది. దానిని అనుసరించి జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. కృష్ణాజిల్లా అంగలూరులోని సంస్థ అటువంటిదే. 1987లో ఆరంభమైన నల్లబల్ల పథకం ప్రాథమిక పాఠశాలలకు తరగతి గదులు, పటాలు, ఆటవస్తువులు, పుస్తకాలు సమకూర్చడానికి ఉద్దేశించబడింది. ఉపాధ్యాయునికి తర్ఫీదు, బడికి సామగ్రి అనే రెండు భావాలను ప్రభుత్వం ఈ విధంగా అంగీకరించింది. అయితే శిక్షణ తరగతికి హాజరైనంత మాత్రాన ఉపాధ్యాయుడు మారడు. పంపిణీ అయిన పుస్తకం పెట్టెలోనే ఉండిపోతే బడి మారదు. తనకు తెలియనిది ఉన్నదని ఎరిగి నేర్చుకోగోరే మనసు ఉపాధ్యాయునిలో ఉన్నప్పుడే ఈ ఏర్పాట్లు సార్థకమవుతాయి. అటువంటి మనసును చట్టాలు ఇవ్వలేవు. హరిసర్వోత్తమరావు వంటివారి జీవితాలు ఇవ్వగలవు.

ఒక చిన్న పతకాన్ని ధరించినందుకు ఒక యువకుని శిక్షణ ఆగిపోయింది. అతనికి పట్టా నిరాకరించినవారు ఒక ఉపాధ్యాయుని తరగతికి దూరం చేశామని భావించారు. ఆ ఉపాధ్యాయుడు పత్రికలో, చెరసాల అనంతరం గ్రంథాలయంలో, పడవల రేవులలో, రాత్రి బడులలో తన తరగతిని తిరిగి నిర్మించుకొన్నాడు. తనకు దక్కని శిక్షణ ఇతరులకు దక్కాలని శ్రమించాడు. ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని చేతికి తీసుకొన్న ప్రతి విద్యార్థీ, మరుసటి పాఠం కోసం అక్కడికి వచ్చిన ప్రతి ఉపాధ్యాయుడూ ఆ మహనీయునికి ఋణపడినవారే. ఆ ఋణం తీర్చుకొనే మార్గం ఒక్కటే: తాను నేర్చినదాన్ని నేర్వనివానికి అందించడం.